పదకొండో రోజు పాట

గాయని సుభాషిణి గారి కచేరీలు కుదిర్చే ఆఫీసులో ప్రణతి ఇంటర్న్‌గా చేరి పది రోజులైంది. రాబోయే నెలలో ఏ ఇంట్లో ఏ కార్యం జరగబోతోందో యంత్రం పొద్దున్నే జాబితా ఇచ్చేస్తుంది. దాని జోస్యం తప్పిన రోజు ఇంతవరకూ లేదు. ఆ ఇళ్లకు, "మా గాయని గారిని పిలిపించుకోండి" అని ఉత్తరాలు రాయడమే ప్రణతి పని. పడవ పాటొకటి కూనిరాగం తీసుకుంటూ రాసేస్తోంది.

సీమంతాలూ, గృహప్రవేశాలూ అయ్యాక పెద్దకర్మల జాబితా తెరిచింది. అందులో పోయేవాళ్ల పేరుండదు, కర్మ చేసేవాళ్ల పేరే ఉంటుంది. మూడో వరసలో నాన్న పేరు, కాకినాడలో తమ ఇంటి నంబరు.

ప్రణతికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఇంట్లో ఉండేది అమ్మా, నాన్నా, తనూ. వెంటనే అమ్మకి ఫోన్ చేసింది.

"ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"నాకేమే, గుండ్రాయిలా ఉన్నాను. నువ్వు వచ్చేటప్పుడు బండి మెల్లగా నడుపు తల్లీ," అంది అమ్మ.

ఇంతలో మేనేజరు సత్తిరాజు గారు వెనక నిలబడ్డారు. "ఏమ్మాయ్, మూడోది ఆగిందేం? పోయేవాళ్లకిష్టమైన పాట పేరు కూడా వెయ్యి, ఇట్టే ఒప్పుకుంటారు. పక్క గడిలో ఉంటుంది చూడు."

అమ్మ పాడుకునే మంగళహారతి మాత్రం కాకూడదు స్వామీ అని దణ్ణం పెట్టుకుని, ప్రణతి గడి తెరిచింది.

మంగళహారతి కాదు. పొద్దుట్నుంచీ తను కూనిరాగం తీస్తున్న పడవ పాట.