గేటు బయటి మనిషి

పత్తి మిల్లు గేటు బయట, టీ బండి దగ్గర ఆ మనిషి మళ్లీ కనిపించాడు.

చుట్టూ కూలీలు. ఆయన ఏదో చెబుతున్నాడు. వాళ్లు వింటున్నారు.

మేనేజర్ నాగచైతన్య ఆఫీసు కిటికీలోంచి చూశాడు.

అతను జూలూరుపాడు వచ్చి నెల కాలేదు. మొదటి రోజే యజమాని చెప్పాడు. "నీకు ముందున్నోడు లేబర్‌ను నెత్తికెక్కించుకున్నడు. అందుకే తీసేసిన. నువ్వు గట్టిగుండు."

నాగచైతన్య గట్టిగానే ఉన్నాడు. గేటు దగ్గరే ఫోన్లు తీసుకున్నాడు. పనిలో మాటలు బంద్ చేశాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లను వెనక్కి పంపాడు.

ఇప్పుడు బయటికి వచ్చాడు.

"రోజూ ఏం ఎక్కిస్తున్నవ్ వీళ్లకు? యూనియన్ పెట్టిస్తవా?"

"లేదు సార్. ఊకనే మాట్లాడుతున్న."

"ఇంకోసారి ఈడ కనబడితే పోలీసులకు చెప్త."

ఆయన టీ గ్లాసు బండి మీద పెట్టాడు. "పోతున్న సార్. లోపల పనిల ఉన్న సువర్ణను మాత్రం జర జల్దీ పంపుండ్రి. ఆమె బిడ్డకు జరం."

"నా మిల్లు ఎట్ల నడపాల్నో నువ్వు చెప్తవా?"

ఆయన సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

వాచ్‌మన్ హీరాలాల్ ముందుకు వచ్చాడు. "సార్, ఆయన..."

"నిన్ను అడిగిన్నా?"

హీరాలాల్ గేటు వేశాడు.

మర్నాడు ఒక్క కూలీ రాలేదు. పత్తి కుప్పలు ఆరుబయట ఉన్నాయి. అడవి మీద మబ్బు పట్టింది.

యజమాని ఫోన్ చేశాడు. "పత్తి తడిస్తే నువ్వు కూడ రానక్కర్లే."

నాగచైతన్య బైక్ తీశాడు. వాళ్లను తీసుకునే తిరిగి రావాలనుకున్నాడు.

తండాలో మేస్త్రీ పూల్‌సింగ్ మంచం మీంచి లేవలేదు.

"ఆ సంచాయన రావొద్దన్నడా?"

"రమ్మన్నడు సార్."

"ఏంది?"

"మీరొచ్చిన వారానికే మానేస్తమన్నం. ఆయనే ఆపిండు. కొత్త పిల్లగాడు, నేర్చుకుంటడు, జర ఓపిక పట్టుండ్రి అన్నడు. రోజూ పొద్దుగాల వచ్చి గదే చెప్పెటోడు. నిన్న మీరు ఎల్లగొట్టిండ్రు. ఇయ్యాల చెప్పెటోడు లేడు."

నాగచైతన్య బైక్‌కు స్టాండ్ వేశాడు.

"యాడుంటడు? నేనే పోయి పిలుచుకొస్త."

"లేడు. పొద్దుగాల బస్సెక్కిండు. బోనకల్‌ల బిడ్డ దగ్గరుంటడట. ఇగ రాడు."

చినుకు పడింది. నాగచైతన్య బైక్ దిగి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"సువర్ణ బిడ్డకు ఎట్లుంది?"

పూల్‌సింగ్ అతని వైపు చూశాడు. లేచి కండువా భుజాన వేసుకున్నాడు. ఇళ్ల వైపు తిరిగి పనికి రమ్మని అందరినీ కేకేశాడు.

"ఎవరాయన?" అని నాగచైతన్య అడిగాడు.

"ముస్తకీమ్ సాబ్," అన్నాడు పూల్‌సింగ్ చెప్పులు తొడుక్కుంటూ. "మిమ్మల్ని కూసోబెట్టనీకి సేటు ఆ కుర్సీల కెల్లి లేపింది ఆయన్నే."