ఆముదం జిడ్డు

అనకాపల్లిలో నా రిపేరు షాపుకి అప్పలరమణ తెచ్చిన కాలి హార్మోనియం అది. పెడల్స్ కింద చెక్క తీసేసరికి నాకు డోకొచ్చింది.

వేలెడు మందాన నల్లటి జిడ్డు. అందులో పసుపు, చచ్చిన చీమలు, బొద్దింక రెక్కలు, ఎలక పెంటికలు. తొక్కితే గాలి కొట్టాల్సిన పెడల్ కదిలితే ఒట్టు.

"ఏటి బావా ఇది? హార్మోనియమా, ఎడ్లబండి ఇరుసా?"

అప్పలరమణ ముక్కు మూసుకుని నవ్వేడు. "మా చీడికాడలో నాటకాలాడీవోళ్ళంతా రైతులే బావా. దసరా పూజకి బండి ఇరుసులో పోసినట్టే దీన్లోనూ ఆముదం పోసీవోరు."

"బుద్ధుందా ఆళ్ళకి? అది జిగురైపోద్దని తెలీదా?"

తిట్టుకుంటూనే కత్తితో గీకేను. కిరసనాయిలు పోసి బ్రష్షుతో తోమేను. ఆ కంపుకి మజ్జానం అన్నం కూడా సయించలేదు. ఆఖరికి కీళ్ళకీ స్ప్రింగులకీ కుట్టుమిషను ఆయిలు చుక్కలుగా వేసేను. వేలితో నొక్కినా పెడల్ మెత్తగా దిగింది.

"పైమూత కూడా తియ్యి బావా, రీడ్లు తుడిచి శ్రుతి సూద్దాం" అన్నేను.

"రీడ్లెక్కడివి? పీకించీసేను. దీన్ని పెళ్ళి స్టేజీలకి అద్దెకిత్తాను. వీడియోలో పెళ్ళికొడుకు తొక్కితే పెడల్ ఆడాల, అంతే. మోగక్కర్లేదు."

పొద్దుట్నించీ నేను తిట్టిన ఆ రైతులు, ఇది మోగాలనే పోసేరు ఆముదం.

"బాగా సేసేవు బావా" అంటూ అప్పలరమణ నా భుజమ్మీద చెయ్యేసేడు. జిడ్డంటని చెయ్యి.

నాకు మళ్ళీ డోకొచ్చింది.