అయ్యప్పన్ తొలి మాట

"అత్తా!"

అయ్యప్పన్ నోరు తెరిచి అన్న మొట్టమొదటి మాట అది. అన్నది కూడా గాల్లోకి కాదు. తనను ఎత్తుకున్న మూకాయి బుగ్గల మీద రెండు చేతులూ పెట్టి, ఆమె ముఖంలోకి చూసి మరీ అన్నాడు.

మూకాయి గుండె గుభేలుమంది.

కోయంబత్తూరు మిల్లులో, పత్తి గోదాము నీడన కూర్చుని అన్నాలు తింటున్న ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. నవ్వరా మరి! వీడిచేత "అమ్మ" అనిపించడానికి మూకాయి పడ్డ పాట్లు వాళ్ళంతా ఎరుగుదురు. గంజి తాగించినా అమ్మ, ముక్కు తుడిచినా అమ్మ, నిద్రపుచ్చినా అమ్మ. వాడేమో పోదనూరు రైలు కూస్తే చెయ్యి ఊపేవాడే గానీ పెదవి విప్పేవాడు కాదు.

పాపం, ఆమె ఆశ అలాంటిది. కన్న ముగ్గురూ దక్కలేదు. వయసు మళ్ళాక వీడు ఒళ్ళోకి వచ్చాడు. వాడికి ఒళ్ళు కాలితే ఆమెకు ముద్ద దిగేది కాదు. ఒక్కసారి అమ్మా అని పిలిపించుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంది.

"అళాదే మూకాయీ! ఎంగ ఊరుల ఆత్తాన్నా అమ్మా తాన్!" అంది పొల్లాచ్చి పొన్నమ్మాళ్, ఏడవొద్దని, తమ ఊళ్ళో ఆత్తా అంటే అమ్మేనని.

"మా ఇండ్లల్లో నాన్నను పిలుస్తారమ్మా అత్తా అని," అంది మైమూన్.

"గేటుకాడ గూర్ఖా వింటే రొట్టెల పిండి అనుకుంటాడు!" అని వెనకనుంచి ఇంకెవరో అన్నారు. మళ్ళీ నవ్వులు.

మూకాయి మాత్రం పొన్నమ్మాళ్ మాటనే పట్టుకుంది. అమ్మ అన్నమాట! అరవంలో అయితేనేం, పిలిచాడు కదా! వాణ్ణి గుండెకు హత్తుకుని ముద్దులతో ముంచెత్తింది.

"రాసాత్తీ, నువ్వు చెప్పుమే. అమ్మా అనే కదా వీడు పిలిచె?"

రాసాత్తి ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే. మూకాయి ఆమెకు చెప్పుకోని కష్టం లేదు. ఆ రాసాత్తి ఇప్పుడు తలెత్తలేదు.

"మన ఇండ్లల్లో అత్తంటే అత్తే వొదినా. నేనే నేర్పిస్తి వాడికి."

నవ్వులు ఆగిపోయాయి.

"నువ్వా?"

"నేనే. నిన్ను చూపించి చూపించి నేర్పిస్తి."

మూకాయి వాణ్ణి ఇంకా గట్టిగా హత్తుకుంది. తన కంచంలో తిన్న మనిషి! ఆ ఒక్క పిలుపు కోసం తానెంత అల్లాడుతోందో తెలిసిన మనిషి! నమ్మించి గొంతు కోసింది కదా!

"నీకేమి ద్రోహం చేస్తినే? దీనికంటే నా గంజిలో విషం పోసుంటే బాగుండు!"

"వాడు నిన్ను అమ్మా అంటే నా కడుపు కాలతాది వొదినా. తిట్టు, కొట్టు. ఆ మాట మాత్రం నా చెవిన పడకూడదు."

"ఛీ! నీ మొగం చూస్తే పాపం!"

మూకాయి వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరైనా తన పక్షాన ఒక్క మాట అంటారేమోనని చుట్టూ చూసింది. ఎవరూ అనలేదు. పొన్నమ్మాళ్ కూడా టిఫిను డబ్బా మూత బిగించుకుంటూ కూర్చుంది.

మిల్లు సైరన్ మోగగానే రాసాత్తి చేతులు కడుక్కుని, అయ్యప్పన్ నుదుట ముద్దు పెట్టి, రోజూ లాగే తన కన్నకొడుకును మిల్లు పిల్లల గది ఆయా మూకాయి చేతుల్లో వదిలి పనిలోకి పరుగెత్తింది.