తేనెలో సాగిన పొలం

ఉప్పుమడులకు నీళ్లు కావాలని మా అన్నయ్య గట్టు తెగ్గొట్టి, నా పొలంలోకి సముద్రాన్ని వదిలాడు. ఊరంతా ఎరిగిన సంగతే, కోర్టులో దావా కూడా వేశాను. భూమి లోతులు కొలిచే మా బావకే తెలియదు. రాజీ చేస్తానంటూ ఇద్దరినీ బల్ల ముందు కూర్చోబెట్టి, పళ్లెంలో తేనె పోశాడు.

"ఈ రబ్బరు పట్టీ సముద్రం అడుగు. పక్కన తేలే పిండి పొర మన నేల. పట్టీ నేల కిందికి దిగుతోంది, చూడు."

పట్టీ మునిగేకొద్దీ దాని వెనకున్న తేనె అంచుల పక్కగా తిరిగి పిండి కిందికి చేరింది. పట్టీ వెనక్కి జరిగింది. దాని వెంట పిండి సాగింది.

"లోపలి వేడికి రాయి కూడా ఇలాగే మెల్లగా పారుతుందోయ్. నీ పొలం సాగుతోంది."

"పెరుగుతోందన్నమాట! అయితే పన్ను నువ్వే కట్టు బావా" అన్నాను.

"సాగితే పల్చబడుతుంది, పల్చబడితే కుంగుతుంది. మీ ఇద్దరి నేలా ఒకేలా కుంగింది. గట్టు ఉన్నా నీళ్లొచ్చేవే."

"నా మడులు మునిగినప్పుడు వీడు చంకలు గుద్దుకున్నాడు" అన్నాడు అన్నయ్య, నా వైపు చూడకుండా.

"దావా వెనక్కి తీసుకోరా" అన్నాడు బావ.

"తీసుకుని ఎవరి మీద వెయ్యను? నీ తేనె మీదా?" అన్నాను.

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తప్పు అన్నయ్యదైతే, కోర్టు మెడలు వంచి గట్టు కట్టిస్తుందన్న ఆశైనా ఉండేది. పాతాళంలో పారే రాయికి ఏ కోర్టు సమన్లు పంపుతుంది?

పోయింది ఎకరం పద్నాలుగు సెంట్లు. ఇక రాదు.