రద్దయిన ఇరవై రెండు కాగితాలు

తలుపు ధడాలున మూసుకుంది.

"సర్వే గిర్వే మాకొద్దు!" లోపలినుంచి ఆడగొంతు.

కళావతి కొత్త గాజులు సర్దుకుంటూ నిలబడిపోయింది. పాతబస్తీలోని ఆ గల్లీలో మూసుకున్న మూడో తలుపది.

"సక్కుబాయీ, తలుపు తియ్యి. సారా దుకాణం సంగతి అడగనీకి వచ్చింది" అన్నాడు పక్కనే గోడకు ఆనుకుని ఉన్న ముసలాయన.

తలుపు తెరుచుకుంది.

కళావతికి పెళ్లయి నెల. సర్వే సంస్థలో చేరి రెండు వారాలు. పెద్దరోడ్డు మీది సారా దుకాణాన్ని ఈ గల్లీలోకి మారుస్తానని కాంట్రాక్టరు అనుమతి అడిగాడు. జనం మాట కనుక్కునే పని ఆ సంస్థకు వచ్చింది. ఎక్కువమంది వద్దంటే దుకాణం రాదు.

"దుకాణం ఇక్కడ పెడితే మీకు ఇష్టమేనా?"

"ఇష్టమా? అగ్గి పెడత దానికి!" అని, సక్కుబాయి సాసర్లో చాయ్ పోసింది. "తాగు బిడ్డా, ఎండల వడి వచ్చినవ్."

చాయ్‌లో యాలకుల వాసన. కళావతికి ఆ ఉద్యోగం ఎంతో నచ్చేసింది.

ముసలాయన పేరు శివయ్య. గోడ మీద చెయ్యి వేసుకుని ప్రతి ఇంటికీ వెంట వచ్చాడు. ఆయన పిలిస్తే ఏ తలుపూ మూసి ఉండలేదు.

"ఏం శివన్నా, కొత్త నౌకరీయా?" కూరగాయల బండి గుండయ్య ఎగతాళి చేశాడు.

"ఔ భాయ్. తలుపులు కొట్టే నౌకరీ. పింఛన్ గూడ ఉంది!"

కళావతి కూడా నవ్వింది.

కానీ ఆమె రాస్తున్నప్పుడల్లా శివయ్య కాగితం మీదికి వంగేవాడు.

"వద్దన్నట్టే రాసినవా బిడ్డా?"

"అది బయటివాళ్లకు చెప్పకూడదు పెద్దాయనా."

ఆయన మాట్లాడుతూ ఆమె ముఖంలోకి చూడలేదు. ఎటో చూశాడు. కళావతికి అనుమానం మొదలైంది.

సాయంత్రం ఆఫీసులో పైఅధికారి ప్రకాశంతో చెప్పింది.

"కాగితాల్లోకి వంగి చూసిండా?" ప్రకాశం కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "కాంట్రాక్టర్ మనిషే. ఎవరు వద్దన్నరో చూసి, పోయి చెప్తడు. పాపం వాళ్లను కొట్టిస్తరమ్మా. రూల్ తెలుసు కదా? బయటివాడు చూసిన కాగితం చెల్లదు."

శివయ్య పక్కన ఉండగా రాసిన ఇరవై రెండు కాగితాల మీదా కళావతి ఎర్రసిరాతో అడ్డగీత గీసింది. వాటన్నిటిలోనూ ఒకటే జవాబు. ఇష్టం లేదు.

మిగిలినవి రోడ్డువైపు దుకాణదారులవి. వాళ్లు ఇష్టమేనన్నారు.

ఆ ఇళ్లవాళ్లను కాపాడానన్న తృప్తితో ఆమె భర్త సైకిలెక్కి సినిమాకు పోయింది.

ఎనిమిది నెలల తర్వాత, ఏ సబ్బు వాడుతున్నారో అడగడానికి మళ్లీ ఆ గల్లీకి వచ్చింది.

గల్లీ మొదట్లో సారా దుకాణం. తాళం వేసి ఉంది.

సక్కుబాయి గుమ్మంలో కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు.

"ఏమైందమ్మా?"

"సారాల ఏం కలిపిండ్రో ఏమో. ఒక్కదినమే తొమ్మిదిమంది పోయిండ్రు. మా ఆయన గూడ."

కళావతి చేతిలోని సబ్బుల పట్టిక కిందికి దిగింది.

"శివయ్య ఉన్నాడా?"

"దుకాణం తెరిచిన దినం గడపకు అడ్డం పండుకున్నడు. నన్ను తొక్కి పోండ్రి అన్నడు. కాంట్రాక్టర్ మనుషులు ఈడ్చి పడేసిండ్రు. తలకాయ పగిలి మూడోదినం పాణం పోయింది."

"ఆయన కాంట్రాక్టర్ మనిషి కాదా?" కళావతి గుమ్మం ముందు కూలబడింది. "మరి నా కాగితాల్లోకి ఎందుకు చూశాడు?"

సక్కుబాయి ఆమెను వింతగా చూసింది.

"సూసుడేంది బిడ్డా? రోడ్డు మీది దుకాణంల తాగి ఆయన కండ్లు పోయి ఆరేండ్లాయె. నువ్వు మా మాట రాస్తున్నవో లేదోనని పెన్ను గీకిన సప్పుడు ఇంటుండె."