చెవుల్లో దూది

గాడిద సువర్చలకు తొమ్మిదేళ్లు. రోజూ తన డీజిల్ లారీ తోలేముందు, దాని మోత భరించలేక చెవుల్లో దూది పెట్టుకుంటుంది. ఇంత పొడుగు చెవులుండీ, దారిలో పికిలిపిట్ట పాట విని ఎన్నేళ్లయిందో. అడవిలోకి చప్పుడు చెయ్యని కరెంటు లారీలు వచ్చాయని తెలిసినప్పటి నుంచీ ఆమె మనసు వాటి మీదే ఉంది.

"వాటి ధర వింటే గుండె ఆగుతుంది. ఆడదానివి, ఉన్న డొక్కు తోలుకో తల్లీ," అంది డీజిల్ అమ్మే నక్క, ఆమె ఆ లారీల మాట ఎత్తగానే.

సువర్చల డీజిల్ పోయించుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నక్క బంకు ముందు కరెంటు లారీ ఆగి ఉంది. నక్క అందులోంచి డీజిల్ పీపాలు దింపుతోంది.

"ఇదెవరిది నక్కబావా?"

"నాదే. ఇదివరకు నా పాత లారీ డీజిల్‌కు పోసే డబ్బుతోనే దీని వాయిదాలు తీరిపోతున్నాయి," అని నక్క నాలిక కరుచుకుంది.

ఆ వేసవిలో సువర్చల డొక్కు లారీని తుక్కుకు అమ్మి, కరెంటు లారీ కొనుక్కుంది.