మంగళవారం రాని పొగ

రోజుకి రెండే సిగరెట్లు. పదకొండూ పదికి ఒకటి, మూడూ నలభైకి ఒకటి. ఆఫీసు మేడ మీద, నీళ్ళ ట్యాంకు వెనక. ఈ సంగతి ట్యాంకుకీ తనకీ తప్ప మూడో కంటికి తెలియదని జల్లుగారి ధీమా.

వాతావరణ సూచనలు రాయడం ఆయన ఉద్యోగం. ఏం రాసినా చివర "అక్కడక్కడ జల్లులు పడవచ్చు" అని తగిలిస్తారు కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. పై అంతస్తులో గాలి కాలుష్యం విభాగం. దానికి అధిపతి ఆయన భార్యే. ఆమె కింద పనిచేసేది ఆమె తమ్ముడు. అంటే, జల్లుగారు మెట్లెక్కితే ఆఫీసులోనే అత్తారిల్లు.

ఏడాది కిందట డాక్టరు ఎక్స్‌రే చూసి పెదవి విరిచినప్పుడు, జల్లుగారు భార్య తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు, ఇక ముట్టనని. ఆమె సరేనంది. వాళ్ళ నాన్న దగ్గి దగ్గి పోయిన ఏడాదే ఆమె ఈ గాలి కాలుష్యం చదువులో చేరింది. ఒట్టు అబద్ధమని తెలిస్తే అరిచే మనిషి కాదు. ఇంకెప్పుడూ నమ్మదు, అంతే. ఆయన భయమల్లా అదే.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఈ ప్రాంతపు గాలి గురించి, మారిపోతున్న వాతావరణం గురించి వచ్చే ఐదేళ్ళలో ముందు ఏది పరిశోధించాలి, తరవాత ఏది? ఆ జాబితా తేల్చాలి.

"ఇటుక బట్టీల పొగ," అన్నాడు బావమరిది. "పొలాల్లో తగలబెట్టే గడ్డి. ఎడారి నుంచి వచ్చే దుమ్ము."

"గాల్లో మసి చేరి వానలు ముందుకీ వెనక్కీ జరుగుతున్నాయి. అదీ రాయండి," అన్నారు జల్లుగారు. "నా జల్లులు ఎందుకు పడటం లేదో తెలుస్తుంది."

"మీ జల్లులు పడకపోవడానికి కారణం మీరే బావా."

భార్య నవ్వలేదు. ఒక గ్రాఫు కాగితం పరిచింది.

"అన్నిటికంటే ముందు ఇది తేలాలి. పోయిన నెల కొత్త యంత్రం వచ్చింది కదా. దాని గొట్టం మేడ మీద ట్యాంకు పక్కన పెట్టించాను. ఇదిగో, గాల్లో పొగ."

ఆకుపచ్చ పెన్సిలు గీత. చదునుగా పోతూ పోతూ రెండుచోట్ల కొండలా లేచింది. పదకొండూ పది. మూడూ నలభై. దాదాపు రోజూ అంతే.

జల్లుగారి చెయ్యి దానంతట అదే పక్కనున్న గొడుగుని తడుముకుంది. ఎండ మండిపోతున్న రోజు కూడా ఆ గొడుగు ఆయన చంకలోనే ఉంటుంది.

"లారీలు," అన్నారు.

"లారీలకి ఆదివారం సెలవా బావా? ఆదివారం గీత చదును."

"అయితే ఎడారి దుమ్మే. పడమటి గాలి..."

"ఎడారి దుమ్ముకి టీ టైముంటుందా?"

"పైన వేడిగాలి మూతలా కప్పేస్తే, కింద పొగ..."

"ఆ మూత సరిగ్గా ఏడు నిమిషాలే పడుతుందా?"

జల్లుగారికి చెమట పట్టింది. అక్కడక్కడ కాదు, విస్తారంగా.

"ఇంకో విచిత్రం," అంది భార్య, పెన్సిలు మొనతో చూపిస్తూ. "పోయిన మంగళవారం రెండు కొండలూ లేవు."

"మంగళవారం ఎలా ఉంటాయి? నాకు జ్వరం కదా!"

అనేశాక గానీ ఏమన్నారో ఆయనకే తెలియలేదు.

"మీ జ్వరానికీ దీనికీ ఏమిటండీ సంబంధం?"

"అబ్బే... ఆ రోజు గాలి ఎలా ఉందో నేను చూళ్ళేదని."

"సరే. అయితే ఇదే మొదటి అంశం." కాగితం మీద ఒకటి అంకె వేసింది. "ఐదేళ్ళు. బెలూన్లు ఎగరేద్దాం. ఓ చిన్న విమానం. పదిమంది శాస్త్రవేత్తలు."

"నిప్పు లేనిదే పొగ రాదు బావా," అన్నాడు బావమరిది. "ఆ నిప్పెక్కడుందో పట్టేద్దాం."

జల్లుగారి కళ్ళముందు ట్యాంకు చుట్టూ విమానం గిరగిరా తిరిగింది. పదిమంది శాస్త్రవేత్తలు ఆయన సిగరెట్టు కొసకి పది గొట్టాలు పెట్టి నిలబడ్డారు. దూరంగా ఇటుక బట్టీలు, తమని అడిగేవాడు లేక, హాయిగా పొగలు కక్కుతున్నాయి.

గోడ గడియారం మూడూ ముప్పై ఎనిమిది.

ఆయన లేచారు. గొడుగు బల్ల మీదుగా ఎత్తి టప్పున తెరిచారు. మడతల్లో దాచిన సిగరెట్లు గ్రాఫు మీద, జాబితా మీద, బావమరిది నెత్తిమీద టపటపా రాలాయి.

"ఒకటో నంబరు కొట్టెయ్యి," అన్నారు భార్యతో. "ఐదేళ్ళ పరిశోధన అయిపోయింది. ఆ నిప్పు నేనే."

బావమరిది కుర్చీలోంచి జారిపోయాడు నవ్వలేక. "ఇన్నాళ్ళకి బావా! ఇన్నాళ్ళకి ఒక జల్లు పడింది!"

ఆమె అరవలేదు. సిగరెట్లన్నీ ఏరి, ఒక్కొక్కటే విరిచి చెత్తబుట్టలో వేసింది. తరవాత ఆయన చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది.

"మళ్ళీ చెప్పండి."

చెప్పారు. ఆమె ఓ క్షణం కిటికీ వైపు చూసి, కొట్టేసినచోట "ఇటుక బట్టీలు" అని రాసింది.

మూడూ నలభై దాటింది. జల్లుగారి ఒళ్ళు దూదిపింజలా తేలిపోతోంది. రెండేసి మెట్లు ఎక్కుతూ మేడ మీదకి వెళ్ళి, ట్యాంకు కింద దాచిన అగ్గిపెట్టెను నీళ్ళలో ముంచేశారు. ఇన్నాళ్ళూ నీళ్ళ పైపనుకున్న గొట్టం పక్కనే కనిపించింది. తన జ్వరాన్ని కూడా కనిపెట్టిన ఆ యంత్రానికి ఒక దణ్ణం పెట్టాలనిపించింది. గొట్టం వెంటే నడిచారు. అది గోడ దిగి, కిటికీలోంచి స్టోరు గదిలోకి దూరింది. ఈలవేస్తూ వెళ్ళి ఆ గది తలుపు తోశారు.

గొట్టం రెండో కొస ఖాళీ బకెట్లో వేలాడుతోంది. పక్కనే, వచ్చిన రోజు టేపు కూడా ఊడదీయని అట్టపెట్టెలో కొత్త యంత్రం, ఆ పెట్టె మీద ఆకుపచ్చ పెన్సిలు చెక్కిన పొట్టు.